వైఫై తెగిన పరికరం తనంతట తానే తిరిగి కనెక్ట్ కావాలంటే: లోపం పట్టుకుని సరిచేసే పద్ధతి

కరెంటు పోయి వచ్చింది. రెండు నిమిషాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మళ్లీ నెట్‌లోకి వచ్చేశాయి. గోడకు బిగించిన సెన్సర్ మాత్రం రాలేదు. ప్లగ్ తీసి పెడితే వెంటనే కనెక్ట్ అవుతుంది, అంటే హార్డ్‌వేర్ బాగానే ఉంది, పాస్‌వర్డూ సరైనదే. మరి ఎందుకు రాలేదు?

చాలాసార్లు జరిగేది ఇదే. పరికరం రెండు సెకన్లలో బూట్ అయిపోయింది. రూటర్‌కు రెండు నిమిషాలు పట్టింది. ఈలోగా పరికరం ఐదుసార్లు వెతికి, రూటర్ కనబడక, ఇక ఊరుకుంది. ఇలాంటి పరికరాల్లో వాడే ఈఎస్పీ32 అనే వైఫై చిప్‌కు కోడ్ రాయడానికి దాని తయారీ కంపెనీ ఎస్ప్రెసిఫ్ ఇచ్చే సాధనాల కట్ట ఈఎస్పీ-ఐడీఎఫ్. దాంతో పాటు వచ్చే స్టేషన్ (రూటర్‌కు ఎక్కే పరికరం) ఉదాహరణ కోడ్‌లో మళ్లీ ప్రయత్నించే గరిష్ఠ సంఖ్య 5 అని ఉంటుంది. అది నేర్చుకునేవాళ్ల కోసం రాసిన కోడ్. దాన్ని అలాగే తెచ్చి అసలు పరికరంలో పెడితే, ఆ ఐదూ అయ్యాక ఇంకో ప్రయత్నం ఎప్పటికీ జరగదు.

అందుకే మొదటి నియమం: ప్రయత్నాల సంఖ్యకు హద్దు పెట్టకండి, ప్రయత్నాల వేగానికి పెట్టండి. మనిషి వెళ్లి చేయి వేయలేని చోట ఉన్న పరికరం ఎన్ని రోజులైనా వెతుకుతూనే ఉండాలి. కాకపోతే ఎందుకు తెగిందో తెలుసుకుని, దానికి తగ్గట్టు వెతకాలి.

ముందు ఏ అంచెలో తెగిందో తేల్చుకోండి

"వైఫై పోయింది" అనే మాట కింద నాలుగు వేర్వేరు సమస్యలు దాగి ఉంటాయి. కోడ్ ముట్టుకునే ముందు వాటిని విడదీయాలి.

మొదటిది రేడియో అంచె: పరికరానికి రూటర్ వినబడుతోందా? రెండోది భద్రత అంచె: పాస్‌వర్డ్, కీలు కుదిరాయా? మూడోది చిరునామా అంచె: చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) వచ్చిందా? నాలుగోది అప్లికేషన్ అంచె: సర్వర్‌తో మాట సాగుతోందా?

తేల్చుకోవడానికి వరుస ఇది. రూటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిచి మీ పరికరం మ్యాక్ అడ్రస్ (దాని వైఫై రేడియో గుర్తింపు సంఖ్య) ఉందో లేదో చూడండి. లేకపోతే సమస్య మొదటి రెండు అంచెల్లో ఉంది. మ్యాక్ ఉండి ఐపీ లేకపోతే మూడోది. ఐపీ కూడా ఉంటే అదే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ నుంచి దానికి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొట్టండి. జవాబు వస్తూ కూడా డేటా రావడం లేదంటే తప్పు వైఫైది కాదు, నాలుగో అంచెది. ఒక జాగ్రత్త: కొన్ని రూటర్లు వెళ్లిపోయిన పరికరాన్ని కూడా కొన్ని నిమిషాలు జాబితాలో చూపిస్తూనే ఉంటాయి. జాబితాతో పాటు పింగ్ కూడా చూడండి.

లాగ్ లేకుండా ముందుకు వెళ్లకండి

తెగిన ప్రతిసారీ ఇవి రాసి పెట్టుకోండి: బూట్ అయి ఎంతసేపైంది, తెగడానికి కారణం సంఖ్య, చివరిసారి చూసిన సిగ్నల్ బలం, ఛానల్, రూటర్ బీఎస్ఎస్ఐడీ (రూటర్ రేడియో మ్యాక్ అడ్రస్), ఖాళీ మెమరీ, ఇది ఎన్నో ప్రయత్నం. బూట్ అయినప్పుడు రీసెట్ ఎందుకు జరిగిందో కూడా రాయాలి. 32 వరుసలు పట్టే రింగ్ బఫర్ (నిండాక పాత వరుస మీదే కొత్తది రాసే జాబితా) సరిపోతుంది. ఈఎస్పీ32లో దాన్ని ఆర్‌టీసీ మెమరీలో, బూట్‌లో చెరిగిపోని భాగంలో పెడితే సాఫ్ట్‌వేర్ రీసెట్ తర్వాత కూడా మిగులుతుంది. మళ్లీ కనెక్ట్ కాగానే సర్వర్‌కు పంపేయండి.

ప్రతి ప్రయత్నాన్నీ ఫ్లాష్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) రాయడం మాత్రం వద్దు. పది సెకన్లకోసారి అంటే రోజుకు 8,640 సార్లు. మామూలు నార్ రకం ఫ్లాష్‌లో ఒక సెక్టార్ (ఒకేసారి చెరిగే ముక్క) సుమారు 1,00,000 సార్లు చెరిపి రాయడానికి తట్టుకుంటుంది. ఒకే సెక్టార్‌ను అలా చెరుపుతూ పోతే పన్నెండు రోజుల్లో ఆ హద్దు దాటిపోతుంది.

ఇలా ఉండే లాగ్ ఒకటి తీసుకుని చదువుదాం. ఎడమవైపు ఉన్నవి బూట్ నుంచి సెకన్లు, సిగ్నల్ డీబీఎంలలో (సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం), కారణం సంఖ్యల అర్థం తర్వాతి భాగంలో ఉంది:

412.0 – తెగింది, కారణం 200, సిగ్నల్ -58, ఛానల్ 6
415.4 – ప్రయత్నం 1 విఫలం, కారణం 201
419.8 – ప్రయత్నం 2 విఫలం, కారణం 201
455.0 – ప్రయత్నం 5 విఫలం, కారణం 201
488.4 – ప్రయత్నం 6 సఫలం, సిగ్నల్ -57, ఛానల్ 11
489.6 – ఐపీ వచ్చింది

సిగ్నల్ -58 అంటే చాలా బలంగా ఉంది. అంత బలమైన సిగ్నల్ ఉన్నట్టుండి మాయమైంది, నిమిషానికి పైగా ఎక్కడా కనబడలేదు, తర్వాత అంతే బలంతో వేరే ఛానల్‌లో తేలింది. కాబట్టి పరికరం తప్పేమీ లేదు. రూటర్ రీస్టార్ట్ అయి, ఈసారి ఛానల్ 11 ఎంచుకుంది. ఇదే చోట సిగ్నల్ -83 అని ఉండి, మళ్లీ ఛానల్ 6లోనే -84తో ఎక్కి ఉంటే కథ వేరు. అప్పుడు చూడాల్సింది యాంటెన్నాను, దూరాన్ని.

కారణం సంఖ్యలు ఏం చెబుతాయి

కింది సంఖ్యలు ఈఎస్పీ32వి. చిన్న సంఖ్యలు వైఫై ప్రమాణంలోవి కాబట్టి మిగతా చిప్‌లలోనూ అవే అర్థం. 200, ఆ పైవి ఎస్ప్రెసిఫ్ సొంతంగా చేర్చినవి.

200 అంటే బీకన్లు ఆగిపోయాయి. రూటర్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి "నేనున్నాను" అని బీకన్ పంపుతుంది. ఈఎస్పీ32 డిఫాల్ట్‌గా 6 సెకన్ల పాటు ఒక్కటీ వినబడకపోతే తెగిందని తేలుస్తుంది. రూటర్ ఆగి ఉండవచ్చు, సిగ్నల్ బలహీనపడి ఉండవచ్చు.

201 అంటే ఆ పేరుతో రూటర్ కనబడలేదు. రూటర్ ఇంకా లేవలేదేమో. లేదా రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆపేసి 5 మాత్రమే ఉంచారేమో. అదే కంపెనీ పాత చిప్ ఈఎస్పీ8266, మొదటి తరం ఈఎస్పీ32 రెండింటికీ 2.4 మాత్రమే తెలుసు. రూటర్ 12 లేదా 13వ ఛానల్‌కు వెళ్లి, పరికరంలో దేశం సెట్టింగ్ 11 దాకే ఉన్నా ఇదే సంఖ్య వస్తుంది. "కొన్ని రోజులు బాగుంటుంది, ఒక్కోసారి అస్సలు కనబడదు" అనే ఫిర్యాదు వస్తే, రూటర్‌లో ఛానల్ 'ఆటో'లో ఉంటే, ముందు దీన్నే అనుమానించండి.

15, 204 అంటే కీల మార్పిడి మధ్యలో ఆగింది. పాస్‌వర్డ్ తప్పయితే ఎక్కువగా వచ్చేది ఇదే. కానీ పాస్‌వర్డ్ సరైనదై, సిగ్నల్ అంచున ఉన్నా, కరెంటు సరఫరా ఊగినా కూడా ఇదే వస్తుంది. కాబట్టి ఈ సంఖ్య చూడగానే దాచిన పాస్‌వర్డ్‌ను చెరిపేసి సెటప్ మోడ్‌లోకి వెళ్లిపోయే కోడ్ రాయకండి. అది చాలా నష్టం చేసే పొరపాటు. నిన్నటిదాకా పనిచేసిన పాస్‌వర్డ్‌ను పరికరం తనంతట తాను చెరపకూడదు. బటన్ నొక్కితేనే చెరపాలి.

5 అంటే రూటర్ తట్టుకోగలిగినన్ని పరికరాలు అప్పటికే ఎక్కేశాయి. 8 అంటే పరికరమే తప్పుకుంది, అంటే మీ కోడే డిస్‌కనెక్ట్ చేసింది. 16 అంటే గ్రూప్ కీ (రూటర్ అన్ని పరికరాలకూ కలిపి ఇచ్చే కీ) మార్పు సమయానికి పూర్తికాలేదు. 210, 211 వస్తే రూటర్ భద్రత రకానికీ, పరికరం ఒప్పుకునే రకానికీ పొంతన లేదు. రూటర్‌ను డబ్ల్యూపీఏ3 (కొత్త వైఫై భద్రత రకం) మాత్రమే అని మార్చినప్పుడు 210 రావచ్చు.

సంఖ్యతో పాటు గడియారాన్నీ చూడండి. సరిగ్గా గంటకోసారి తెగుతుంటే రూటర్‌లో గ్రూప్ కీ మార్చే గడువు 3600 సెకన్లుగా ఉందేమో చూడాలి. ఐపీ లీజు (ఆ చిరునామా వాడుకునే గడువు) సగం గడిచినప్పుడు పరికరం పొడిగింపు అడుగుతుంది, జవాబు రాకపోతే 87.5 శాతం దగ్గర మళ్లీ అడుగుతుంది. లీజు గడువు తీరేసరికి పరికరం పోతోందంటే ఆ పొడిగింపు ఎక్కడో ఆగిపోతోంది. వేళాపాళా లేకుండా తెగుతుంటే సిగ్నల్, పవర్ వైపు వెళ్లండి.

పవర్: చాలామంది చివర్లో చూసేది, ముందే చూడాల్సింది

ఈఎస్పీ32 వైఫై పంపే క్షణంలో 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. సరఫరా కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలి. మామూలుగా నడుస్తున్నప్పుడు మల్టీమీటర్‌లో 3.3 వోల్టులు నికరంగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ కుదుపు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది, మల్టీమీటర్‌కు అందదు. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ను మాడ్యూల్ 3.3 వోల్టుల పిన్ దగ్గరే పెట్టి, 3.0 వోల్టుల కింద పడితే ట్రిగ్గర్ అయ్యేలా సెట్ చేసి, పరికరాన్ని పదిసార్లు రీకనెక్ట్ చేయించండి. ఒక్కసారి ట్రిగ్గర్ అయినా కారణం దొరికినట్టే.

మాడ్యూల్ పిన్ల పక్కనే 100 నుంచి 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాంతోపాటు 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ పెట్టండి. సన్నటి, పొడవాటి యూఎస్‌బీ కేబుల్ మార్చండి. ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తనకోసం ఒక వోల్టుకు పైగా తినేస్తుంది. దాన్ని 3.7 వోల్టుల లిథియం బ్యాటరీకి తగిలిస్తే మాడ్యూల్‌కు 2.7 వోల్టులు కూడా మిగలవు. అక్కడ తక్కువ డ్రాప్‌అవుట్ రెగ్యులేటర్ వాడాల్సిందే. యాంటెన్నా చుట్టూ 15 మిల్లీమీటర్ల మేర లోహం, గ్రౌండ్ రాగి, వైర్లు, బ్యాటరీ ఏవీ ఉండకూడదు. బల్ల మీద బాగా పనిచేసి, పెట్టెలో బిగించగానే తెగే పరికరాల్లో ముందు చూడాల్సింది ఇదే.

సిగ్నల్‌కు మోటు లెక్క: -67 కంటే బాగుంటే నిశ్చింత, -75 దగ్గర అప్పుడప్పుడూ ఇబ్బంది, -80 దాటితే తెగడం మామూలే. ఏ కోడూ దాన్ని బాగు చేయలేదు.

కోడ్‌లో సరిచేయాల్సినవి

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు: మెయిన్ లూప్‌లో కనెక్ట్ అయిందా అని చూసి, కాకపోతే ప్రతి అర సెకనుకూ వైఫై బిగిన్ (కనెక్షన్ మొదలుపెట్టే ఫంక్షన్) పిలవడం. ఒక్కో ఛానల్‌కు 120 మిల్లీసెకన్ల చొప్పున 13 ఛానళ్లు వెతకడానికే ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ తర్వాత గుర్తింపు, కీల మార్పిడి, ఐపీ. మొత్తం రెండు నుంచి ఐదు సెకన్లు. అర సెకనుకోసారి మళ్లీ మొదలుపెడితే ఏ ప్రయత్నమూ చివరిదాకా సాగదు. పరికరం తీరిక లేకుండా వెతుకుతున్నట్టే ఉంటుంది, ఎప్పటికీ ఎక్కదు. ఒకసారి మొదలుపెట్టిన ప్రయత్నానికి కనీసం 15 సెకన్లు ఇవ్వండి.

సరైన అమరిక ఇలా:

1. తెగిన ఈవెంట్ వచ్చినప్పుడు హ్యాండ్లర్‌లో (ఆ కబురు రాగానే నడిచే కోడ్‌లో) కారణం రాసుకుని, ఒక టైమర్ పెట్టి, వెంటనే బయటికి వచ్చేయండి. హ్యాండ్లర్‌లో డిలే పెడితే తర్వాతి ఈవెంట్లన్నీ దాని వెనకే ఆగిపోతాయి.

2. టైమర్ తీరాక కనెక్ట్ పిలవండి. విరామం 1, 2, 4, 8, 16, 32, 60 సెకన్లుగా పెంచుతూ పోయి, 60 దగ్గర నిలిపేయండి. బ్యాటరీ పరికరమైతే 300 దాకా వెళ్లవచ్చు.

3. ప్రతి విరామానికీ 0 నుంచి 30 శాతం యాదృచ్ఛికంగా కలపండి. ఒకే రూటర్‌పై నలభై పరికరాలుంటే కరెంటు రాగానే అన్నీ ఒకే క్షణాన మీద పడతాయి, కొన్నిటిని రూటర్ తిప్పి పంపుతుంది.

4. విరామాన్ని మళ్లీ 1కి తేవాల్సింది కనెక్ట్ అయినప్పుడు కాదు, ఐపీ వచ్చినప్పుడూ కాదు. సర్వర్‌తో మాట కుదిరి కనీసం 30 సెకన్లు నిలిచాక తేవాలి. లేకపోతే ఎక్కీ తెగీ, ఎక్కీ తెగీ ఆగకుండా తిరుగుతుంది.

5. మీరే కావాలని డిస్‌కనెక్ట్ చేసేటప్పుడు ముందు ఒక ఫ్లాగ్ పెట్టండి. అది లేకపోతే కారణం 8తో ఈవెంట్ వచ్చి, హ్యాండ్లర్ మళ్లీ కనెక్ట్ చేసేస్తుంది. నిద్రలోకి వెళ్లబోతున్న పరికరం నిద్రపోదు.

ఈఎస్పీ-ఐడీఎఫ్‌లో ఇదంతా మీరే రాయాలి. ఆర్డుయినోలో ఆటో రీకనెక్ట్ సెట్టింగ్ ఉంది, చిన్నపాటి అంతరాయాలకు సాయపడుతుంది. దానిమీదే ఆధారపడకండి. మీ టైమర్ ఎలాగూ ఉండాలి. మీ టైమర్ నడిపేటప్పుడు ఆ సెట్టింగ్‌ను ఆపేయడమే మంచిది, ఇద్దరూ ఒకేసారి కనెక్ట్ పిలిచి ఒకరి ప్రయత్నాన్ని ఒకరు చెడగొట్టుకోకుండా.

వేగం కోసం పాత బీఎస్ఎస్ఐడీ, ఛానల్ దాచుకుని నేరుగా అక్కడికే వెళ్లడం మంచి పద్ధతే. కానీ రెండుసార్లు విఫలమైతే వాటిని పక్కనపెట్టి అన్ని ఛానళ్లూ వెతకాలి. రూటర్ మార్చిన ఇంట్లో, పేరూ పాస్‌వర్డూ అవే ఉన్నా పరికరం రాకపోవడానికి కారణం ఈ పాత బీఎస్ఎస్ఐడీనే. మెష్ నెట్‌వర్క్‌లో (ఒకే పేరుతో చాలా నోడ్లు, అంటే రూటర్ పెట్టెలు, ఉండే చోట) ఇంకొకటి చూడండి: ఈఎస్పీ32 డిఫాల్ట్‌గా ఫాస్ట్ స్కాన్ చేస్తుంది, పేరు కలిసిన మొదటి నోడ్‌నే పట్టుకుంటుంది. పక్కనే -50తో నోడ్ ఉన్నా దూరంగా -79తో ఉన్నదానికి అతుక్కుంటుంది. స్కాన్ పద్ధతిని 'అన్ని ఛానళ్లు' అని, వరుసను 'సిగ్నల్ బలం ప్రకారం' అని మార్చండి.

సెటప్ కోసం పరికరం తన సొంత హాట్‌స్పాట్ కూడా నడుపుతుంటే, రేడియో ఒక్కటే అని గుర్తుంచుకోండి. అది రూటర్ కోసం ఛానళ్లు వెతికేటప్పుడు హాట్‌స్పాట్‌కు ఎక్కిన ఫోన్ జారిపోతుంది. ఎవరైనా హాట్‌స్పాట్‌లో ఉన్నంతసేపు వెతకడం ఆపండి.

కనెక్టెడ్ అనే చూపిస్తోంది, డేటా మాత్రం పోవడం లేదు

ఇది అన్నిటికన్నా మొండి రకం, ఎందుకంటే వైఫై వైపు ఏ తప్పూ కనబడదు.

రూటర్ మాయమైనప్పుడు టీసీపీ కనెక్షన్‌కు (సర్వర్‌తో డేటా సాగే దారికి) ఆ సంగతి తెలియదు. పంపాల్సింది ఏమీ లేకపోతే అది బతికే ఉన్నాననుకుంటుంది. లినక్స్‌లో కీప్‌ఎలైవ్ (అవతలివైపు ఉందా అని అడిగే సందేశం) పెట్టినా డిఫాల్ట్ విరామం 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. పంపే డేటా ఉంటే, మళ్లీ మళ్లీ పంపి చూసి, సుమారు 15 నిమిషాలకు గానీ వదిలేయదు. ఈఎస్పీ32లో ఇంకో తిరకాసు: లింకు తెగినా ఐపీ వెంటనే పోదు. డిఫాల్ట్‌గా 120 సెకన్ల తర్వాతే పోయినట్టు చెబుతుంది. "ఐపీ ఉందా" అన్న ప్రశ్నకు వచ్చే జవాబుతో కనెక్షన్ ఉందని తేల్చకండి.

కాబట్టి లింకు తెగిన ఈవెంట్ రాగానే పాత సాకెట్లన్నీ (కోడ్ తెరిచి ఉంచిన కనెక్షన్లు) మీరే మూసేయండి. ఐపీ వచ్చాక కొత్తవి తెరవండి, సర్వర్ పేరుకు ఐపీ ఏదో డీఎన్ఎస్‌లో మళ్లీ అడగండి. ఎంక్యూటీటీ (బ్రోకర్ అనే సర్వర్ ద్వారా సందేశాలు పంచే పద్ధతి) వాడితే కీప్‌ఎలైవ్ 30 నుంచి 60 సెకన్లు పెట్టండి. దానికి ఒకటిన్నర రెట్ల సేపు ఏమీ రాకపోతే బ్రోకర్ ఆ క్లయింట్‌ను తీసేస్తుంది. రెండు పరికరాలకు పొరపాటున ఒకే క్లయింట్ ఐడీ ఇస్తే ఒకటి ఎక్కగానే బ్రోకర్ రెండోదాన్ని దించేస్తుంది, అది మళ్లీ ఎక్కి మొదటిదాన్ని దించుతుంది. చూడ్డానికి అచ్చం వైఫై ఊగుతున్నట్టే ఉంటుంది. క్లయింట్ ఐడీలో మ్యాక్ అడ్రస్ కలిపితే ఈ బాధ ఉండదు.

కరెంటు పోయి వచ్చాక టీఎల్ఎస్ (సర్వర్‌తో గుప్త కనెక్షన్) మాత్రమే విఫలమవుతుంటే గడియారం చూడండి. బ్యాటరీతో నడిచే గడియారం లేని బోర్డు 1970లో మొదలవుతుంది. ఆ తేదీకి ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. ముందు ఎన్‌టీపీ (నెట్‌లో సమయం చెప్పే సేవ) నుంచి సమయం, ఆ తర్వాతే టీఎల్ఎస్. ప్రతి రీకనెక్షన్ తర్వాత ఖాళీ మెమరీ కాస్త కాస్త తగ్గుతూ పోతుంటే పాత టీఎల్ఎస్ సెషన్‌ను విడుదల చేయడం మరిచారన్నమాట. పదో ఇరవయ్యో రీకనెక్షన్‌కు అది ఆగిపోతుంది.

లినక్స్ బోర్డులు

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఓఎస్ 2023లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి నెట్‌వర్క్ మేనేజర్ (కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) వాడుతోంది. ఇందులో ఆటోకనెక్ట్ రీట్రైస్ అనే విలువ ఉంది, డిఫాల్ట్ 4. కనెక్షన్ సెట్టింగ్‌లో దాన్ని 0 చేయండి. ఇక్కడ 0 అంటే హద్దు లేకుండా ప్రయత్నించు అని అర్థం. పవర్‌సేవ్ విలువను 2 చేయండి, 2 అంటే ఆపు అని. పాస్‌వర్డ్‌ను యూజర్ కీరింగ్‌లో కాకుండా సిస్టమ్ కనెక్షన్‌లోనే దాచండి. లేకపోతే ఎవరూ లాగిన్ కాని బోర్డు పాస్‌వర్డ్ అడిగి, చెప్పేవాళ్లు లేక ఆగిపోతుంది.

డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను (కీల మార్పిడి చేసే ప్రోగ్రామ్‌ను) నేరుగా వాడే బోర్డుల్లో, కీల మార్పిడి విఫలమైతే ఆ నెట్‌వర్క్‌ను తాత్కాలికంగా పక్కన పెట్టినట్టు లాగ్‌లో వస్తుంది. మొదట 10 సెకన్లు, విఫలమైన కొద్దీ పెరిగి 300 దాకా వెళ్తుంది. అది చెడిపోవడం కాదు, వేచి ఉండడం. దాన్ని చూసి ప్రతి నిమిషానికీ ఇంటర్‌ఫేస్‌ను దించి ఎత్తే స్క్రిప్ట్ పెడితే పని ఇంకా చెడుతుంది.

రీబూట్ చివరి మెట్టు

మెట్లు ఇలా పెట్టండి: మామూలు కనెక్ట్, పదిసార్లు విఫలమైతే వైఫైని ఆపి మళ్లీ మొదలుపెట్టడం, అలా మూడుసార్లు కుదరకపోతే డ్రైవర్‌ను తీసి మళ్లీ ఎక్కించడం, ఆ తర్వాత రీబూట్. కానీ కారణం 201 మాత్రమే వస్తున్నంతకాలం రీబూట్ జోలికి వెళ్లకండి. రూటరే లేనప్పుడు పరికరాన్ని రీబూట్ చేసి లాభం లేదు, పైగా మోటారో రిలేయో నడుపుతుంటే ఆ పని మధ్యలో తెగుతుంది. రీబూట్ల లెక్క ఆర్‌టీసీ మెమరీలో ఉంచి, మొదటిది అరగంటకు, రెండోది రెండు గంటలకు, తర్వాతవి ఆరు గంటలకోసారి మించకుండా చూడండి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ వేరు. కోడ్ ఇరుక్కుపోయినప్పుడు లేపడానికి అది ఎప్పుడూ ఉండాలి, వైఫై ఉందా లేదా అన్నదానితో దాన్ని ముడిపెట్టకండి.

కావాలనే తెంపి చూడండి

సరిచేశామని నమ్మే ముందు ఈ పరీక్షలు వరుసగా చేయండి, ప్రతిదానికీ తిరిగి రావడానికి పట్టిన సమయం రాసుకోండి.

రూటర్‌ను 10 సెకన్లు ఆపి పెట్టండి. తర్వాత 30 నిమిషాలు ఆపండి. రూటర్‌నూ పరికరాన్నీ ఒకే స్విచ్ మీద ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ఛానల్‌ను 1 నుంచి 11కు మార్చండి. పాస్‌వర్డ్ మార్చి, పది నిమిషాలకు పాతదే తిరిగి పెట్టండి. ఇక్కడే చాలా ఫర్మ్‌వేర్‌లు పడిపోతాయి. డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆపి రూటర్‌ను రీస్టార్ట్ చేసి, కాసేపటికి ఆన్ చేయండి. వైఫై అలాగే ఉంచి ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పీకండి. పరికరం లింకును తెంపుకోకుండా సర్వర్ కోసమే వెతుకుతూ ఉండాలి. రూటర్‌లో ఆ పరికరాన్ని మాత్రమే దించేసే వీలుంటే అదీ చేయండి.

చివరగా రూటర్‌ను టైమర్ ప్లగ్‌కు తగిలించి, పదిహేను నిమిషాలు ఆన్, ఐదు నిమిషాలు ఆఫ్ చొప్పున రాత్రంతా వదిలేయండి. ఎనిమిది గంటల్లో 24 సార్లు తెగుతుంది. పొద్దున లాగ్‌లో 24 రాకలు ఉండాలి, మొదటి రాక దగ్గర ఉన్న ఖాళీ మెమరీకీ చివరి రాక దగ్గరి దానికీ పెద్ద తేడా ఉండకూడదు. 23 ఉంటే ఆ రానిది ఏదో వెతికి, దాని ముందు వరుసలో ఉన్న కారణం సంఖ్య దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.